సూత్రం ఒక్కటే సరిపోదు
సెలైన్ ఎక్కించడం గురించిన వ్యాసంలో, లెక్క సూత్రం (మొత్తం మి.లీ. × మి.లీ.కి పడే చుక్కలు ÷ నిమిషాలు) వస్తే డ్రిప్ వేగం తప్పే అవకాశమే లేదని రాశారు. సగమే ఒప్పుకుంటాను. 500 మి.లీ. సెలైన్ 4 గంటల్లో వెళ్లాలంటే, మి.లీ.కి 20 చుక్కలు పడే సెట్‌తో (బాటిల్ నుంచి చేతికి వచ్చే గొట్టం) నిమిషానికి సుమారు 42 చుక్కలు. అదే 15 చుక్కల సెట్ అయితే 31 చాలు, కాబట్టి ముందు సెట్ కవరు మీద అంకె చూడాలి. పైగా పేషెంట్ చెయ్యి మడిచినా వేగం మారిపోతుంది. మా వార్డులో అయితే బాటిల్ త్వరగా అయిపోవాలని పేషెంట్ తాలూకు వాళ్లే గొట్టం మీద వేగం మార్చే రోలర్ తిప్పేస్తుంటారు! విరేచనాల కేసులో సెలైన్‌లో పొటాషియం కలిపి ఉంటే అసలు టెన్షన్ అప్పుడే. అది వేగంగా ఎక్కితే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదకే వస్తుంది. పొటాషియం ఉన్న బాటిల్‌ను పంపు (వేగాన్ని తానే అదుపు చేసే యంత్రం) మీద పెట్టించడమే మంచిది.