మూడేళ్ల నిబంధన గారికి, ధర్మాబాద్ నుంచి

వాడిన కారు తయారై మూడేళ్లు దాటితే దిగుమతి కానివ్వని మహారాజశ్రీ మూడేళ్ల నిబంధన గారి సముఖానికి,

తెలంగాణ సరిహద్దున మహారాష్ట్రలో ఉన్న ధర్మాబాద్ మిర్చి అడ్తిదారు ఒకడు వంగి నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగనక్కర లేదు. గుండ్రాయిలా ఉన్నారని మొన్న మధ్యాహ్నం కళ్లారా చూశాను.

ఆ రోజు పదకొండింటి నుంచి నాలుగున్నర దాకా ముంబైలో ఒక ఏజెంటు ఆఫీసులో, ఒక కాలు వంకరపోయిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. అంతకు ముందు రాత్రంతా దేవగిరి ఎక్స్‌ప్రెస్ పై బెర్తులో. "రెండు నిమిషాలు సేఠ్" అన్న మాట ఏడుసార్లు విన్నాను. చివరికి ఏజెంటు జపాన్ నుంచి వచ్చిన తనిఖీ పత్రాన్ని నా ముందుకు తోసి, ఒక గడి మీద గోరు పెట్టాడు. తయారీ: నవంబరు 2022. గోడ మీద క్యాలెండరు డిసెంబరు 2025 అంటోంది.

"నెల దాటిపోయింది సేఠ్. ఓడ ఎక్కించి లాభం లేదు."

తమరి పేరు అంతకు ముందు చాలాసార్లు విన్నాను. ముఖం చూడటం అదే మొదలు.

నేను కోరినది ఐరావతం కాదండీ. రెండే సీట్ల మాజ్దా రోడ్‌స్టర్. గుడ్డ పైకప్పు, పదిహేను వందల సీసీ ఇంజను, బరువు సుమారు టన్ను. 1989లో అలాంటి బండి మొదటిది వచ్చినప్పుడు నాకు పదహారేళ్లు. నాందేడ్‌లో ఒక క్షౌరశాలలో చిరిగిన పత్రికలో దాని బొమ్మ చూసి, నా వంతు వచ్చినా లేవలేదు. ముప్పై ఆరేళ్లు అప్పులు, చెల్లెళ్ల పెళ్లిళ్లు, పిల్లల ఫీజులు అయ్యాక, ఇప్పుడు చేతిలో నాలుగు డబ్బులు ఉన్నాయి. మన దేశంలో ఆ కంపెనీ బండ్లు అమ్మదు కాబట్టి హిరోషిమాలో పుట్టినదాన్ని అక్కడి నుంచే తెచ్చుకుందామనుకున్నాను. ఎర్రది. మా యార్డులో ఎండబోసిన మిర్చి ఎరుపు.

"ఇద్దరే పట్టే బండిలో మీ అమ్మగారిని ఎక్కడ కూర్చోబెడతారు?" అని మా ఆవిడ అడిగింది. దానికి జవాబు ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

తమరి తోబుట్టువులైన మిగతా షరతులన్నింటికీ నేను తల వంచాను. స్టీరింగు కుడివైపు ఉండాలన్నారు, ఉంది. స్పీడోమీటరు కిలోమీటర్లలో ఉండాలన్నారు, ఉంది. హెడ్‌లైట్లు రోడ్డుకు ఎడమ పక్కన నడిచే దేశానికి తగ్గట్టు ఉండాలన్నారు. జపాన్‌వాళ్లు కూడా మనలాగే ఎడమ పక్కనే నడుపుతారు, కాకపోతే వాళ్లు నిజంగానే ఎడమ పక్కన నడుపుతారు. ఇంకా ఐదేళ్లు రోడ్డు మీద తిరగగలదని హామీ కావాలన్నారు, ఇస్తానన్నాను. వాడిన బండి ముంబై రేవులో తప్ప దిగకూడదన్నారు, దిగిస్తానన్నాను. దిగాక పుణెకో అహ్మద్‌నగర్‌కో పరీక్షకు పంపాలన్నారు. పిల్లను పరీక్షకు పంపిన తండ్రిలా బయట నిలబడటానికి కూడా సిద్ధపడ్డాను.

నా బండికి జపాన్ వేలంలో ఇచ్చిన కాగితం తమరు ఒక్కసారి చూడాల్సింది. బండి బొమ్మ గీసి, ఎక్కడ ఏ లోపం ఉందో అక్కడే గుర్తు పెడతారు. చిన్న గీత అయితే ఏ1, చిన్న సొట్ట అయితే యూ1. నా బండికి ఎడమ తలుపు మీద ఒకే ఒక్క ఏ1. మొత్తం మీద నాలుగున్నర మార్కులు. మా ఇంటికి పెళ్లిచూపులకు వచ్చిన ఏ వరుడి గురించీ మాకు ఎవరూ ఇంత నిజం చెప్పలేదు.

ఆ కాగితంలోనే 'రైవా 5, నాలుగో నెల' అని ఉంది. అది జపాన్ చక్రవర్తి లెక్క. ఆయన గద్దెనెక్కిన 2019 మొదటి ఏడు కాబట్టి, రైవా 5 అంటే 2023. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, ఏజెంటుతో హిందీ మాట్లాడే నేను ఈ వయసులో చక్రవర్తిగారి పంచాంగం కూడా నేర్చుకుని వేళ్లు మడిచి చూశాను. రెండేళ్ల ఎనిమిది నెలలు. ఓడలో ఒక నెల పోయినా ఇంకా మూడు నెలలు చేతిలో ఉన్నాయి. ఏజెంటు కూడా అదే లెక్క వేసి అడ్వాన్సు తీసుకున్నాడు. (ఆ అడ్వాన్సు గురించి అతనికి వేరే ఉత్తరం రాస్తున్నాను. అందులో మహారాజశ్రీ ఉండదు.)

తీరా చూస్తే అది మొదటి రిజిస్ట్రేషన్ నెల అట. బండి అంతకు అయిదు నెలల ముందే తయారైంది. ఆ అయిదు నెలలూ కొనేవాడు లేక ఎక్కడో ఆవరణలో కవరు కప్పుకుని నిలబడి ఉంటుంది. ఎవరూ తోలలేదు, ఎవరూ గీకలేదు. అయినా ఆ అయిదు నెలలూ దాని వయసులోకి వచ్చి చేరాయి. తమరు నామకరణం నుంచి లెక్కపెట్టరు, పురుటి నుంచి లెక్కపెడతారు.

అయ్యా, పుట్టినరోజుల సంగతి మా సరిహద్దువాళ్ల దగ్గరా? మా తరంలో సగం మంది జూన్‌లోనే పుట్టాం. బడిలో వేసిన రోజున పంతులుగారు ఏ తేదీ రాస్తే అదే జన్మదినం. మా అమ్మను అడిగితే "గోదావరి గట్టు దాటిన ఏడు, కంది కోతలప్పుడు" అంటుంది. ఆ జూన్ తేదీతోనే నాకు ఆధార్ వచ్చింది, పాస్‌పోర్టు వచ్చింది, పెళ్లి కూడా అయింది. ఇంత పెద్ద దేశం నా వయసును ఒక పంతులుగారి చేతిరాత మీద నమ్మింది. ఒక కారు వయసు దగ్గరికి వచ్చేసరికి నెల తేడాకు ప్రాణం మీదికి వస్తుందా?

తమరు ఎందుకు పుట్టారో నాకు తెలుసు. 2001లో దిగుమతుల మీద పరిమాణ ఆంక్షలు ఎత్తేసినప్పుడు, పరాయి దేశాల తుక్కంతా మన నెత్తిన పడకుండా తమరిని కాపలా పెట్టారు. న్యాయమే. పాత సరుకును కొత్త సరుకులో కలిపి తెచ్చేవాడు మా యార్డుకు కూడా వస్తాడు. కానీ నేను వాడిని ఏ తేదీన కోశావని అడగను. బస్తాలోకి మోచేతి దాకా చేయి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీస్తాను. కాయ విరిచి చూస్తాను, గింజ గలగల వింటాను, తొడిమ రంగు చూస్తాను, వాసన చూస్తాను, తేమ ఉంటే అరచేయే చెబుతుంది. నిరుటి కాయ శీతల గిడ్డంగిలో కుదురుగా ఉండి, ఈ ఏటి కాయ వానకు తడిసి తెల్లబడిన సందర్భాలు ఎన్నో. చేయి పెట్టకుండా ధర కట్టే అడ్తిదారును మా ఊళ్లో రైతులు బతకనివ్వరు.

తమరు మాత్రం చేయి పెట్టరు. చేతులే లేవు.

ఇంకా వినండి. ముంబై రైలు కోసం స్టేషన్‌కు నేను వెళ్లింది మా జీపులో. అది 2004 మోడలు. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి, రుసుము కట్టి, ఐదేళ్లకు మళ్లీ రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నాను, మొన్ననే ఇంకోసారి తెచ్చుకున్నాను. దాని ఎడమ తలుపు తాడుతో కట్టి ఉంటుంది. జపాన్‌వాళ్లు దాని బొమ్మ గీస్తే గుర్తులు పెట్టడానికి కాగితం చాలదు. అది తిరగవచ్చు. మూడేళ్ల ఒక నెల బండి మాత్రం వృద్ధురాలు! ఎవరికి వృద్ధురాలు? ఏ కళ్లతో చూశావు? అసలు చూశావా నువ్వు?

క్షమించండి. తమరిని ఏకవచనంలో పిలిచాను. కొట్టేయాలనుకున్నాను కానీ పెన్ను సిరాది.

సుంకం గురించి కూడా ఒక ముక్క. 2025 బడ్జెట్‌లో వాడిన కార్ల మీద సుంకం 125 శాతం నుంచి 70కి దిగిందని పేపర్లో చదివి ఇంట్లో స్వీట్లు పంచాను. తరువాత పేజీలో ఇంకో 67.5 శాతం సెస్సు రూపంలో కూర్చుని ఉంది. ఏ సెస్సు? వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు. పైన నలభై శాతం జీఎస్టీ. వంద రూపాయల బండి రేవు దిగేసరికి మూడు వందల ముప్పై రెండున్నర. అందుకూ ఒప్పుకున్నాను. నా రోడ్‌స్టర్ వల్ల ఏ రైతు కల్లం మీదైనా ఒక టార్పాలిన్ పడుతుందని మనసుకు నచ్చజెప్పుకున్నాను. ఇప్పుడు ఆ టార్పాలిన్ కూడా పోయింది.

మా పక్కనే బాభళీ ఆనకట్ట ఉంది. ఆ నీళ్ల కోసం రెండు రాష్ట్రాలు కొట్లాడుకుని సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. అంత పగలోనూ 2013 తీర్పు ప్రకారం జూలై 1న గేట్లు ఎత్తితే అక్టోబరు 28 దాకా తెరిచే ఉంచుతారు. మీ గేటు ఏ నెలలో ఎత్తుతారు?

అడిగాను, ఏజెంటునే. పోనీ ఎంత పాతదైతే రానిస్తారు అని. నవ్వాడు. యాభై ఏళ్లు దాటితే పురాతన వాహనం కింద రావచ్చట. అంటే ఉయ్యాలలో ఉన్నదైనా కావాలి, అస్థికల కలశానికి దగ్గరపడినదైనా కావాలి. నడివయసులో ఉన్నవాళ్లకు ఈ దేశంలో చోటు లేదన్నమాట. నాకు ఆశ్చర్యం వేయలేదు, నావి యాభై రెండు.

లెక్క వేశాను. 2073 నాటికి ఆ ఎర్ర బండికి యాభై నిండుతాయి. అప్పటికి పంతులుగారి లెక్క ప్రకారం నాకు నూరు. కాబట్టి తమరిని ఇక సవరింపులు, మినహాయింపులు ఏవీ అడగను. నిండు నూరేళ్లు వర్ధిల్లమని నన్ను ఒక్క మాట దీవించండి, చాలు. మిగతాది ఆ రోజు ముంబై రేవులో చూసుకుందాం.

బాసరలో వాహన పూజకని ముందుగానే నాలుగు నిమ్మకాయలు తెచ్చి పెట్టుకున్నాను. వాడిపోతాయని ఈ ఉదయం జీపు చక్రాల కిందే పెట్టాను. తాడు కట్టిన తలుపు చప్పుడుకు మా అమ్మ బయటికి వచ్చి "ఎక్కడికిరా?" అంది. ఎక్కమన్నాను. ముందు సీట్లో సుఖంగా కూర్చుంది.

ఇట్లు,
తమరి విధేయుడు