చికాగోవాళ్లు చరణ్‌జీత్ సింగ్‌ను కాపీ కొట్టారా?

తిరుపతి ఆర్కెస్ట్రావాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ముంబై వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ 1982లోనే యాసిడ్ హౌస్ అనే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతాన్ని కనిపెట్టారట, చికాగోవాళ్లు దాన్ని దొంగిలించి పేరు కొట్టేశారట, పాపం ఆయన అనామకుడిగా పోయారట. జాతర స్టేజీల మీద కీబోర్డు వాయించే తమ్ముళ్లు కూడా దీన్నే స్టేటస్ పెట్టుకుంటున్నారు. గర్వపడండి సామీ, కాకపోతే దేనికో తెలుసుకుని పడండి.

మొదటి మాట: కనిపెట్టారని. 1982 నాటి ఆల్బమ్ నిజమే. పేరు 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్', విడుదల చేసింది హెచ్ఎంవీ. వాడినవి మూడు రోలాండ్ యంత్రాలు: జూపిటర్-8 సింథసైజర్, టీఆర్-808 డ్రమ్ మెషీన్, బాస్ వరుసలు వాయించే టీబీ-303. యాసిడ్‌కు ప్రాణం ఆ 303యే. తోడుగా బాస్ వాయించేవాడు లేని గిటారిస్టుల కోసం చేసిన చిన్న వెండిరంగు పెట్టె అది. చరణ్‌జీత్ ఆల్బమ్‌లో అది అక్కడక్కడా అచ్చం యాసిడ్‌లాగే గురగురలాడుతుంది, కాదనను. కానీ మన చెవి పోయేది దాని మీదికి కాదు, పైన జూపిటర్ మీద సాగే రాగం మీదికి. మీట నొక్కితే ఒకే స్వరం పలికే వాద్యం మీద స్వరం నుంచి స్వరానికి జారుళ్లు రాబట్టడం ఎంత కష్టమో కీబోర్డు పట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. చికాగోలో ఫ్యూచర్ బృందం 1987లో తెచ్చిన 'యాసిడ్ ట్రాక్స్'లో రాగమూ లేదు, పాటా లేదు. పది నిమిషాలకు పైగా ఒకే బాస్ వరుస తిరుగుతుంటే, శబ్దం పదును మార్చే కటాఫ్, రెజొనెన్స్ నాబ్‌లు తిప్పుతూ శబ్దాన్నే పిండుతారు. పెట్టె ఒకటే, పని వేరు.

దొంగతనమా? హెచ్ఎంవీ రికార్డు ఇక్కడే అమ్ముడుపోలేదు, చికాగో దాకా ఎవరు మోశారు? 303 కూడా మార్కెట్లో బోల్తా కొట్టింది. 1984లో తయారీ ఆపేశాక సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికింది కాబట్టే ఆ కుర్రాళ్ల చేతికొచ్చింది.

మెసేజ్‌కు మనవాళ్లు ఒక తోక కూడా తగిలించారు: ఆ ఆల్బమ్‌లో తోడి రాగం ఉంది కాబట్టి అవి మన కర్ణాటక రాగాలేనట! మన సంగీత కళాశాల పిల్లల్ని అడిగినా చెబుతారు. ఆ పదీ హిందుస్థానీ రాగాలు. అక్కడి భూపాలి మనకు మోహనం, మాల్కౌన్స్ మనకు హిందోళం. అక్కడి తోడికి మన తోడితో పొత్తే లేదు, అది మన శుభపంతువరాళికి దగ్గర.

ఇక అనామకుడన్న మాట. శంకర్-జైకిషన్, ఆర్.డి. బర్మన్ వంటి హిందీ సినిమా సంగీత దర్శకుల రికార్డింగుల్లో గిటార్, సింథసైజర్ వాయించిన మనిషి ఆయన. పెళ్లిళ్లలోనూ వాయించారు, మనలాగే. 2010లో ఆల్బమ్ మళ్లీ విడుదలయ్యాక, డెబ్బై దాటిన వయసులో యూరప్ వెళ్లి కచేరీలు చేశారు. 2015లో ముంబైలో కన్నుమూశారు.

తమాషా ఏమిటంటే, ఆ మళ్లీ విడుదలప్పుడు విదేశాల్లో దీనికి తలకిందులు పుకారు పుట్టింది: ఇదంతా బూటకం, యాఫెక్స్ ట్విన్ అనే బ్రిటిష్ ఎలక్ట్రానిక్ సంగీతకారుడు గుట్టుగా చేసి పాతదని చెబుతున్నాడని. ఎడో బౌమన్ అనే డచ్ సేకర్తకు అసలు హెచ్ఎంవీ రికార్డు 2002లోనే ఢిల్లీలో దొరికింది. దాన్ని వాయించిన మనిషి అప్పటికి ముంబైలో తన ఇంట్లోనే ఉన్నారు.