విరిగిన మేకుకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ రూ మోర్గ్ కిటికీ మేకు గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే మీ దగ్గర చిక్కొచ్చింది. ఆ ఉభయులూ మీరే. తలతో పాటు పావంగుళం ముక్క ఒకటి, బెజ్జంలో ఇరుక్కుపోయిన మిగతా ఒళ్లు ఒకటి. ఎవరి క్షేమం ఎవరినడగాలో తెలియక, పైకి కనబడే ముక్కకే రాస్తున్నాను. పారిస్ పోలీసులూ అదే చేశారు కదా.

1841 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియా నుంచి వచ్చే గ్రాహమ్స్ మ్యాగజైన్‌లో, ‘ద మర్డర్స్ ఇన్ ద రూ మోర్గ్’ అనే కథలో మీరు అచ్చయ్యేనాటికి, ఈ రకం డిటెక్టివ్ కథలకు ఒక పేరంటూ లేదు. లండన్ పోలీసులు డిటెక్టివ్ శాఖ తెరవడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ పత్రిక సంపాదకుడు ఎడ్గార్ ఎలన్ పో, తానెన్నడూ చూడని పారిస్‌లో, ఆ ఊళ్లో లేనే లేని ఒక వీధిలో, నాలుగో అంతస్తు గదిలో తల్లినీ కూతుర్నీ చంపించాడు. తలుపుకు తాళం వేయించి తాళంచెవి లోపలే ఉంచాడు. ఉన్న రెండు కిటికీలకూ రెండు మేకులు బిగించాడు. అందులో ఒకరు తమరు.

తమరి కొలువు ఎలాంటిదో ఈ కాలం వాళ్లకు కాస్త చెప్పాలి. అది బార్లా తెరుచుకునే కిటికీ కాదు, రెక్కను పైకి ఎత్తాలి. పాత రైలు పెట్టెల్లో షట్టర్ ఉండేది చూడండి, ఎత్తి సరిగా తగిలించకపోతే వేళ్ల మీద పడేది, ఆ బాపతు. చట్రానికి బరమాతో బెజ్జం వేసి, లావుపాటి మేకును తల దాకా దించారు. పోలీసులు వచ్చారు, రెక్కను బలంకొద్దీ ఎత్తారు, కదల్లేదు. మేకు తల కనబడింది. ఇంకేం, మేకు బిగించి ఉంది కాబట్టి ఇటునుంచి ఎవరూ పోలేదని తేల్చేశారు. వాళ్లు చెయ్యాల్సిన పని ఒక్కటే, తమర్ని పీకడం. అదొక్కటీ పీకలేదు. ప్రపంచ డిటెక్టివ్ సాహిత్యమంతా ఆ పీకని మేకు మీదే లేచి నిలబడింది.

మీ సాక్ష్యం పుణ్యమా అని జైలుకు పోయిందెవరు? అడాల్ఫ్ లె బాన్ అనే బ్యాంకు గుమస్తా. ఆ ఇంటికి నాలుగు వేల ఫ్రాంకుల బంగారం మోసుకెళ్లి ఇచ్చి రావడమే అతని నేరం. ఆ బంగారం గదిలోనే పడి ఉంది, అయినా లోపల వేశారు.

అప్పుడు ఆ కథలో చిక్కుముడి విప్పే డ్యూపాన్ వచ్చాడు. మంచం అడ్డంలేని కిటికీ దగ్గరికి పోయి, అక్కడి మేకును కాస్త కష్టపడే ఊడదీశాడు. రెక్క అప్పటికీ లేవలేదు! అంటే పట్టి ఉంచింది మేకు కాదు, లోపల ఏదో స్ప్రింగు దాక్కుని ఉంది. వెతికాడు, దొరికింది, నొక్కి చూశాడు. ఇక్కడ అతను వేసిన లెక్క చూడండి. బయటికి దూకినవాడు రెక్కను వదిలేస్తే స్ప్రింగు దానంతటది పట్టేస్తుంది, బాగానే ఉంది. కానీ మేకును మళ్లీ లోపల్నుంచి ఎవరు బిగిస్తారు? ఎవరూ బిగించలేరు. కాబట్టి ఆ కిటికీ కాదు, రెండోది. రెండోదాని స్ప్రింగూ అలాంటిదే, మేకూ చూడ్డానికి అలాంటిదే. అయితే తేడా మేకులోనే ఉండి తీరాలి. మంచం ఎక్కి, తలవైపు చెక్క మీదుగా వంగి తమర్ని ఇలా ముట్టుకున్నాడో లేదో, తల కాస్తా ఊడి చేతికొచ్చింది. విరిగిన అంచున తుప్పు పేరుకుని ఉంది, అంటే ఎప్పుడో విరిగిందన్నమాట. తలను మళ్లీ దాని గుంటలో పెట్టాడు, అతుకు కనబడలేదు. స్ప్రింగు నొక్కి రెక్క ఎత్తితే తల కూడా రెక్కతో పాటే బుద్ధిగా పైకి వెళ్లింది. దించితే మళ్లీ నిండు మేకు.

సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. ఆ ఇంట్లో మొదట్నుంచీ కిటికీని పట్టుకున్నది స్ప్రింగు. తమరు రెండు ముక్కలుగా విరిగి, తల మాత్రం చూపిస్తూ కూర్చున్నారు. పేరు తమరికి పోయింది. పిడుగు కడ్డీ పట్టుకుని ఎగబాకి, అయిదున్నర అడుగుల ఎడంలో ఉన్న కిటికీ దాకా దాని బయటి తలుపుచెక్క మీద ఊగి, లోపలికి దూకి ఆ హత్యలు చేసిన ఒరాంగుటాన్ కోతి అయినా నిజంగా కష్టపడింది. తిరిగి దూకేటప్పుడు రెక్క దానంతటది పడింది, స్ప్రింగు పట్టింది. కోతికి తాళాల విద్య ఏమీ తెలియనక్కర్లేకపోయింది.

మీవల్ల పారిస్ పోలీసు పెద్ద ప్రీఫెక్ట్ గారు ఎంత మారిపోయారో మీరు చూడలేదు. 1844లో పో రాసిన మరో కథలో ఆయనే మళ్లీ వచ్చారు, ఈసారి దొంగిలించిన ఉత్తరం కోసం. మేకు పీకనందుకు పరిహారమన్నట్టు మూడు నెలల పాటు రాత్రుళ్లు ఆ ఉత్తరం దొంగిలించినవాడి ఇల్లంతా ఊడదీశారు. దిండ్లలో సన్నని పొడుగాటి సూదులు గుచ్చారు, బల్లల పైపలకలు తీశారు, కుర్చీల అడ్డకడ్డీలను సూక్ష్మదర్శినితో చూశారు. బరమా పొట్టు రేణువు ఒక్కటున్నా ఆపిల్ పండంత కనబడేదట! పొయ్యి పైన అరకు కింద, మాసిన నీలం రిబ్బనుకు వేలాడే అట్ట అరలో ఉత్తరం అందరి కళ్లెదుటా ఉంది. బరమా పొట్టు మీద ఇంత భక్తి మూడేళ్ల ముందు ఉంటే లె బాన్ ఇంట్లో అన్నం తినేవాడు.

మీ వారసులూ తక్కువేం కాదు. 1892లో కోనన్ డాయల్ ఒక పడగ్గదిలో గంట తాడు వేలాడదీశాడు. ఆ తాడుకు గంట లేదు. పైన గాలి కంతకు దగ్గర్లో ఉత్త కొక్కేనికి కట్టి ఉంది, ఆ కంత బయటికి కాక పక్కగదిలోకి తెరుచుకుంటుంది, మంచం కాళ్లను నేలకు బిగించేశారు. డాయల్ డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ మాత్రం మీ కథ తెలిసినవాడు, చూడగానే తాడు లాగాడు. (ఆ తాడు మీదుగా దిగే పాముకు ఒక పళ్లెంలో పాలు పెట్టారు. పాములు పాలు తాగవని మనకు ప్రతి నాగుల చవితికీ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు, డాయల్ గారికి చెప్పేవాళ్లు లేకపోయారు.)

ఇక అసలు ఫిర్యాదు. మిమ్మల్ని విరగ్గొట్టింది సుత్తి దెబ్బ అని డ్యూపాన్ చెప్పాడు. కొట్టిందెవరో చెప్పలేదు. పెద్దావిడా? కూతురా? వడ్రంగా? గదిలోంచి వినిపించిన కోతి గొంతు ఏ భాషదో తేల్చడానికి డచ్చివాణ్ణీ ఇటలీవాణ్ణీ స్పెయిన్‌వాణ్ణీ పిలిచి అడిగినవాళ్లు, సుత్తి ఎవరిదని ఒక్కరూ అడగలేదు. పో మాత్రం 1846లో తన మిత్రుడు ఫిలిప్ కుక్‌కు రాసిన ఉత్తరంలో ఇంచుమించు ఒప్పేసుకున్నాడు. విప్పడానికనే తాను వేసిన ముడిని తానే విప్పితే అందులో తెలివేముంది అన్నాడు, ఆ తెలివిని జనం రచయితకు అంటగడుతున్నారనీ అన్నాడు. సుత్తి ఫిలడెల్ఫియాలోనే ఉందన్నమాట.

పక్క కిటికీ మేకు గారికి నా నమస్కారాలు చెప్పండి. ఎక్కడా విరగకుండా, బెజ్జం నిండా బిగిసి కూర్చుని, తీయబోతే కాస్త బెట్టు కూడా చేశారు పాపం. డ్యూపాన్ ఊడదీసి చూసి, మళ్లీ అదే బెజ్జంలో పెట్టి వెళ్లిపోయాడు.

ఇట్లు,
స్ప్రింగు తరఫు పాఠకుడు