లెనిన్‌గ్రాడ్ సింఫనీకి టికెట్ దండగ కాదు

సోవియట్ స్వరకర్త షొస్తకోవిచ్ ఆర్కెస్ట్రా కోసం నాలుగు భాగాలుగా రాసిన ఏడో సింఫనీనే లెనిన్‌గ్రాడ్ సింఫనీ అంటారు. దాని గురించి విస్తృతంగా షేర్ అవుతున్న పోస్టు సారాంశం ఇది: "జర్మన్ల ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాడ్‌లోనే ఇదంతా రాశారు. మొదట వాయించిందీ అక్కడి ఆకలిగొన్న కళాకారులే. అదీ హిట్లర్ ఆ ఊళ్లో విజయ విందుకు పెట్టుకున్న రోజున. సంగీతమంటారా, ఒక మార్చ్ బాణీ డ్రమ్ము మీద పెరుగుతూ పోవడమే. హెడ్‌ఫోన్స్‌లో మొదటి భాగం వింటే చాలు, హాలుకు వెళ్లడం డబ్బు దండగ." ఇందులో చరిత్ర సగం నిజం. సంగీతం గురించి చెప్పింది మాత్రం తప్పు.

ముందుగా, ఎక్కడ రాశారన్నది. మొదటి మూడు భాగాలు 1941 సెప్టెంబర్ చివరికి లెనిన్‌గ్రాడ్‌లోనే, అంటే నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోనే పూర్తయ్యాయి. అక్టోబర్ మొదట్లో షొస్తకోవిచ్‌ను ఊరు దాటించారు. నాలుగో భాగం డిసెంబర్ 27న కుయిబిషెవ్‌లో, అంటే నేటి సమారాలో ముగిసింది.

తొలి ప్రదర్శన కూడా అక్కడే, 1942 మార్చి 5న, సముయిల్ సమొసూద్ నడిపిన బల్షోయ్ థియేటర్ ఆర్కెస్ట్రాతో జరిగింది. తర్వాత మాస్కో. స్కోరు (స్వరాలు రాసిన ప్రతి) మైక్రోఫిల్మ్‌గా టెహ్రాన్, కైరోల మీదుగా పడమటికి చేరి, జూన్ 29న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో మోగింది. లెనిన్‌గ్రాడ్ వంతు ఆగస్టు 9న గానీ రాలేదు. అయినా ఆ కచేరీ విలువ ఇసుమంత కూడా తగ్గదు. అంతకుముందు చలికాలంలో కార్మికులు కానివారికి రోజుకు 125 గ్రాముల రొట్టె మాత్రమే దొరికిన ఊరది. కండక్టర్ కార్ల్ ఎలియాస్‌బర్గ్ అక్కడి రేడియో ఆర్కెస్ట్రాను పిలిస్తే తొలి రిహార్సల్‌కు వచ్చింది సుమారు 15 మంది. ఈ స్కోరేమో 8 హార్న్‌లు, 6 ట్రంపెట్లు, 6 ట్రాంబోన్లు, ఒక ట్యూబా కావాలంటుంది. ఈ ఇత్తడి వాద్యాలను ఊదడానికి దమ్ము కావాలి, చిక్కిపోయిన ఒంట్లో అది ఉండదు. అందుకే తొలి రిహార్సల్ పావుగంటకే ఆగిపోయింది, అందుకే సైనిక బ్యాండ్ల నుంచి వాద్యకారులను రప్పించారు.

విందు కథకు ఆధారం బలహీనం. 1942 జులై 23న హిట్లర్ జారీ చేసిన 45వ ఆదేశం లెనిన్‌గ్రాడ్ ఆక్రమణకు సెప్టెంబర్ మొదటికల్లా సిద్ధం కమ్మంటుంది. ఆగస్టు 9 అన్న గడువు అందులో లేదు. కచేరీకి షెల్స్ అడ్డం రాకుండా సోవియట్ ఫిరంగులు జర్మన్ స్థావరాలను ముందే కొట్టడం, లౌడ్‌స్పీకర్లలో సంగీతం శత్రువుల వైపూ వినిపించడం జరిగిన సంగతులు. అవి చాలవా?

ఇక "ఒకే బాణీ" అన్న మాట. డ్రమ్ము మీద మార్చ్ నడిచేది పది పన్నెండు నిమిషాలు. మొత్తం రచన 70 నుంచి 80 నిమిషాలు. ఆ కాసేపట్లోనూ బాణీ పన్నెండుసార్లు వస్తుందే గానీ తొడుగు ప్రతిసారీ మారుతుంది. మొదట వయొలిన్లను వేళ్లతో మీటుతారు, కమాను కర్రతో తడతారు. తర్వాత ఫ్లూట్, ఆపైన ఓబో పలికిన ముక్కను బసూన్ (మంద్రంగా పలికే గాలి వాద్యం) వెంటనే తిరిగి పలకడం, ఇత్తడి వాద్యాలు మ్యూట్ (ధ్వనిని అణిచే మూత) పెట్టుకుని రావడం. ఆ ఘోషంతా కూలాక బసూన్ ఒంటరిగా సాగించే దీర్ఘమైన విలాపం ఉంది. అసలు గుండెకాయ అదే. రెండో భాగం చివర్లో బాస్ క్లారినెట్, మూడో భాగం మొదట్లో గాలి వాద్యాలు బృందగానంలా గంభీరంగా పలకడం, వీటిని వినని వాళ్లే దీన్ని చప్పుడంటారు.

హెడ్‌ఫోన్స్ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే నష్టం ఇక్కడే జరుగుతుంది. డ్రమ్ము మొదట దాదాపు వినబడనంత మెల్లగా మొదలవుతుంది. బస్సులోనో ఫ్యాన్ కిందో వింటే వినబడదు కాబట్టి వాల్యూమ్ పెంచుతాం. ఎనిమిది నిమిషాలయ్యేసరికి చెవులు పగిలిపోతాయి, తగ్గిస్తాం. స్వరకర్త పది నిమిషాల పాటు మెట్టు మెట్టుగా కట్టిన పెరుగుదల మన వేలి కింద చచ్చిపోయింది! ఇంట్లో వినక తప్పకపోతే ముందు ఆ ఘట్టం శిఖరానికి జరిపి, అక్కడ భరించగలిగినంతకు వాల్యూమ్ సరిచేసి, మళ్లీ మొదటికి వచ్చి ఇక ముట్టుకోకుండా వినండి. హాల్లో ఆ గొడవ లేదు. వేలమంది ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దంలో ఆ డ్రమ్ము దానంతటదే వినిపిస్తుంది.

లండన్‌లోనో డాలస్‌లోనో ఉన్న తెలుగువారు ఈ కచేరీకి టికెట్ తీసుకునేటప్పుడు, ముందు వరుసలు వద్దు. వయొలిన్లు మీద పడతాయి, ఇత్తడి ధ్వని తల మీదుగా వెళ్లిపోతుంది. మొదటి బాల్కనీ మధ్య, లేదా కింది హాల్లో వెనక మూడో వంతు మేలు. ఆర్కెస్ట్రా వెనక సీట్లు చౌకే గానీ అక్కడ డ్రమ్ములు పక్కనే ఉంటాయి. శిఖరంలో 100 డెసిబెల్స్ దాటవచ్చు, ఇయర్‌ప్లగ్స్ దగ్గర పెట్టుకోండి. అదనపు ఇత్తడి దళం (4 హార్న్‌లు, 3 ట్రంపెట్లు, 3 ట్రాంబోన్లు) ఎక్కడ కూర్చుంటుందో బాక్సాఫీసును అడగండి. కొన్నిచోట్ల వేదిక పక్కన, కొన్నిచోట్ల బాల్కనీలో పెడతారు. సరిగ్గా దాని ముందు సీటైతే మిగతా ఆర్కెస్ట్రా మునిగిపోతుంది.

మన కచేరీలో తని ఆవర్తనం అవగానే చప్పట్లు కొడతాం. ఇక్కడ మార్చ్ ముగిసినా, భాగం ముగిసినా కొట్టరు. మూడో భాగం ఆగకుండా నాలుగోదానిలో కలుస్తుంది, కాబట్టి అక్కడ దగ్గు తీర్చుకునే వ్యవధి కూడా దొరకదు. ఆలస్యమైతే సాధారణంగా భాగాల మధ్యే లోపలికి పంపుతారు. అంటే దాదాపు అరగంట సాగే మొదటి భాగం, ఆ డ్రమ్ము, ఆ బసూన్, అన్నీ తలుపు బయటే పోతాయి. కనీసం 20 నిమిషాలు ముందే సీట్లో కూర్చోండి.