బస్టాండులో కుళాయి కూడా రోడ్డు భద్రతే

ఏప్రిల్ నెలాఖరు. కోనసీమలో ఒక బస్టాండు. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. మంచినీళ్ల గట్టు మీద మూడు కుళాయిలున్నాయి. రెండింటికి పిడి ఊడిపోయింది, మూడోది తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది. నా పక్కన ఖాళీ సీసాతో నిలబడ్డ ఆటో డ్రైవరు, "పొద్దున ఇంటి దగ్గర తాగినవేనండి. రోజూ ఎన్ని బాటిళ్లని కొంటాం?" అన్నాడు. ఆ గొంతుతోనే ఆరుగురిని ఎక్కించుకుని వెళ్లిపోయాడు. అందులో ఇద్దరు చిన్నపిల్లలు.

దాహాన్ని మనం దాహంగానే చూస్తాం. కానీ ఒంట్లో నీళ్లు తగ్గితే ధ్యాస కూడా దెబ్బ తింటుంది. 2015లో బ్రిటన్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయం పరిశోధకులు కొద్దిమంది మగవాళ్లతో సిమ్యులేటర్ మీద రెండేసి గంటలు బండి నడిపించారు. సరిపడా నీళ్లు తాగిన రోజు ఒక్కొక్కరు సగటున చేసిన తప్పులు 47. నీళ్లు తగ్గించిన రోజు 101. బ్రేకు ఆలస్యంగా వేయడం, లైను దాటిపోవడం లాంటివి. చిన్న పరిశోధనే, కాదనను. అయినా ఒంటి బరువులో ఒకటి రెండు శాతం నీరు పోతేనే ఏకాగ్రత సడలుతుందని మరికొన్ని పరిశోధనలూ చెప్పాయి. 60 కిలోల మనిషికి రెండు శాతమంటే 1.2 లీటర్లు. మన ఉక్కపోతలో అంత చెమట పోవడానికి ఎంతోసేపు పట్టదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి కాలువ నీళ్ల మీద బతుకుతున్న నేల ఇది. ఇక్కడ నీళ్ల కరువేమిటని బయటివాళ్లకు అనిపిస్తుంది. వేసవిలో కాలువలు కట్టేస్తారు. ముందే నింపి పెట్టుకున్న చెరువుల మీదే ఊళ్లు నెట్టుకురావాలి. సముద్రం వైపు పోయేకొద్దీ చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీళ్లే. సరిగ్గా ఆ రోజుల్లోనే దాళ్వా (రబీ వరి) కోతలు, రోడ్ల నిండా ధాన్యం ట్రాక్టర్లు, లారీలు. కొబ్బరి చెట్టెక్కిన దింపు కార్మికుడికి పైన కళ్లు తిరిగితే పట్టుకునేవాడు ఎవడు?

చలివేంద్రాలు పెట్టేవాళ్లకు చేతులెత్తి దండం పెడతాను. కానీ బండి నడిపేవాడి ధ్యాస ఒక దాత ఓపిక మీద ఆధారపడకూడదు. బడిపిల్లల కోసం కేరళ 2019లో, తర్వాత మన రాష్ట్రం వాటర్ బెల్ పెట్టాయి. గంట కొట్టి మరీ నీళ్లు తాగిస్తున్నాం. ఆ పిల్లల్ని ఇంటికి చేర్చే డ్రైవరు ఎక్కడ తాగాలి?

ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. బస్టాండులో మరుగుదొడ్డి వాడుకునేలా లేదని, దారిలో ఇబ్బంది అవుతుందని చాలామంది పొద్దున్నుంచి గొంతు తడుపుకోరు. వాళ్లకు కుళాయి ఒక్కటే బాగుచేస్తే చాలదు.

కాలువలు ఎప్పుడు కట్టేస్తారో అధికారులు ముందే ప్రకటిస్తారు. అదే ప్రకటనతో పాటు ప్రతి బస్టాండు, ఆటోస్టాండు, మార్కెట్ యార్డులో కుళాయిలు, ట్యాంకులు, మరుగుదొడ్లు చూసి సరిచేయించాలి. ఆ బాధ్యత ఎవరిదో, వాళ్ల ఫోను నంబరేమిటో గట్టు మీదే పెయింటుతో రాయాలి. ఆ రోజు పిడి ఊడిన కుళాయి దగ్గర నిలబడి ఎవరికి చెప్పాలో నాకు తెలియలేదు.