సవరణ: న్యూ ఆర్లియన్స్ తలగుడ్డ గురించి

న్యూ ఆర్లియన్స్‌లో ఫ్రెంచి పాలకులు నల్లజాతి స్త్రీలను తలగుడ్డ కట్టుకోవద్దన్నారని నిన్నటి పోస్టులో రాశాను. అది తప్పు, క్షమించండి. ఆ ఉత్తర్వు వచ్చిన 1786లో, న్యూ ఆర్లియన్స్ ఉన్న లూసియానా ప్రాంతం స్పెయిన్ చేతిలో ఉంది. గవర్నర్ ఎస్తెబాన్ మీరో ఇచ్చిన ఉత్తర్వు నిషేధం కాదు, నిర్బంధం. బానిసలు కాని నల్లజాతి, మిశ్రమజాతి స్త్రీలు జుట్టులో ఈకలు, నగలు పెట్టుకోకూడదు, టిన్యాన్ అనే తలగుడ్డతో కప్పేయాలి. ఈ తేడా చిన్నది కాదు. తక్కువ చేయడానికి కట్టమన్న ఆ టిన్యాన్‌నే వాళ్లు రంగురంగుల బట్టతో, మడత మీద మడత వేసి, నెత్తిన ఎత్తుగా నిలిచేలా ముడేశారు. మద్రాసు పేరుతో అమ్ముడైన గళ్ల బట్ట కూడా అందులో ఉండేది. "వద్దన్నారు" అని రాసి నేను వాళ్ల గెలుపునే మాయం చేశాను. ఆ పేరా ఇప్పుడు మార్చాను.