గంజికీ ఒక కౌంటర్

మొన్న హైదరాబాద్‌లో బంధువుల రిసెప్షన్‌కి వెళ్లాం. చాట్, పాస్తా, కిళ్లీ కౌంటర్లన్నీ దాటాక చివర్లో థర్మాకోల్ పూరిగుడిసె ఒకటి కనిపించింది. పైన బోర్డు: 'అమ్మమ్మగారి గంజి'. పక్కన బండి చక్రం, లాంతరు, వేలాడుతూ ఒక ఉట్టి. ఉట్టిలో ఏముందా అని తొంగి చూశాను. స్పీకర్.

మన పెద్దల ముందుచూపు ఎంతటిదో అక్కడి ఫ్లెక్సీ చదివాకే తెలిసింది. పేగుల్లోని మంచి బాక్టీరియా క్షేమం కోరి వాళ్లు గంజి తాగారట. ఎముకల గట్టిదనం కోసం రాగి సంగటి, షుగర్ రాకుండా కొర్రలు. ఇంట్లో బియ్యం మూటలు మూలుగుతున్నా నిగ్రహించుకున్నారన్నమాట! ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించింది. అనంతపురం పల్లెలో పుట్టిన మా అవ్వకి అలాంటి సంవత్సరాలు వరసగా నలభైకి పైగా నడిచాయి, ఎవరూ ప్రకటించలేదంతే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చేదాకా ఆవిడకి వరిబువ్వ అంటే పండగే.

ఉలవచారు సంగతి ఇంకా ముచ్చట. ఉడికిన ఉలవలు ఎద్దులకి పెట్టి, మిగిలిన నీళ్లు మనుషులు కాచుకున్నారు. ఇప్పుడా చారు బిర్యానీలోకీ ఎక్కింది. ఎద్దుకి మాత్రం రాయల్టీ లేదు.

సరే, గంజి దగ్గరికొద్దాం. ఎనభై నాలుగేళ్ల అవ్వని చక్రాల కుర్చీలో ఆ గుడిసె ముందుకి తోసుకొచ్చారు. తలపాగా చుట్టిన కుర్రాడు ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చినవాడు. కేటరింగ్ వాళ్లు వాడికి నేర్పిన తెలుగు ఒక్కటే మాట: 'ఆరోగ్యం'. మట్టి కప్పు చేతికిస్తూ, నమస్కారం పెట్టి మరీ అన్నాడు. మనవరాలు ఫోన్ పట్టుకుని రెడీ.

"అవ్వా, చిన్నప్పుడు రోజూ ఇదే తాగేదానివంట కదా! ఎంత బాగుండేదో చెప్పు."

అవ్వ కప్పులోకి చూసింది. వేలు పెట్టి కలిపింది కూడా.

"ఇందులో మెతుకేది అబ్బీ?"

"ఆరోగ్యం" అన్నాడు వాడు.

"అది సరే. బువ్వ ఎవురికి పెట్టినార్రా?"

మనవరాలు కెమెరా కోణం మార్చింది. కొత్తిమీర చల్లితే ఫ్రేమ్ బాగుంటుందని ఎవరో సలహా ఇచ్చారు, చల్లారు. అవ్వ ఆ ఆకులు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టి, "మేకలకేస్తారా?" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ బువ్వ ఎవరికి పెట్టారన్న ప్రశ్నకి జవాబు నాకు తెలుసు. వార్చిన బువ్వ మగవాళ్లకీ పొలం పనికి పోయేవాళ్లకీ. గంజి, ఉప్పుకల్లు కోడళ్లకి. మీరు వారసత్వం అంటున్నది ఆ ఇంట్లో ఆడదాని వాటా. 1952 కరువులో ప్రభుత్వం పెట్టిన గంజి కేంద్రం ముందు, పన్నెండేళ్ల వయసులో, సత్తు గిన్నె పట్టుకుని ఆవిడ నిలబడింది. అక్కడ ఫ్లెక్సీ లేదు. గిన్నె నిండకముందే గంజి అయిపోతుందేమోనన్న భయం ఉంది.

ఇంకా వెనక్కి పోదామా? 1877, ధాత కరువు. కరువు పనుల్లో పొద్దస్తమానం మట్టి మోసే మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని, కరువు చూడ్డానికి బ్రిటిష్ ప్రభుత్వం పంపిన టెంపుల్ దొర లెక్క తేల్చాడు. పౌనంటే 450 గ్రాములు. ఇవాళైతే ఆ దొర డైట్ కోచ్ అయ్యి, నెలకి పదివేలు ఫీజు తీసుకునేవాడు. చచ్చినవాళ్లు లక్షల్లో. వాళ్లెవరికీ షుగర్ లేదు, నిజమే. షుగర్ వచ్చే వయసు దాకా ఉండనిస్తే కదా! సిగ్గుండాలి, ఆకలికి పేరు మార్చి, కొత్తిమీర చల్లి, ఆ ఆకలి పడ్డ మనిషి చేతికే తెచ్చి ఇవ్వడానికి.

అవ్వ కప్పు కింద పెట్టేసి మటన్ బిర్యానీ తెప్పించుకుంది. తొందరేం లేకుండా తింది. రెండోసారీ పెట్టించుకుంది. చెయ్యి కడిగించుకుని వస్తూ గుడిసె దగ్గర కుర్చీ ఆపమంది. రాత్రి పదకొండైంది. కుర్రాడు ఇంకా నిలబడే ఉన్నాడు.

"నువ్వు తిన్యావా నాయనా?"

వాడు తలపాగా సర్దుకుని, నమస్కారం పెట్టి, వచ్చిన మాటే చెప్పాడు.

"ఆరోగ్యం."